బొమ్మలకూ ఒక చోటు



పిల్లల ఆటగది అనే మాట వింటే మనలో చాలామందికి నవ్వు వస్తుంది. ఉన్నది ఒక గది, ఒక వసారా. అందులోనే మంచం, ట్రంకు పెట్టె, బియ్యం బస్తాలు, పలుగూ పారా. ఇక పిల్లల ఆటకు వేరే గది ఎక్కడినుండి తెస్తాము? అది పట్నంలో మేడలున్నవారి ముచ్చట అనుకొంటాము. అయితే ఈ నెల మేము చెప్పదలచినది గది గురించి కాదు, చోటు గురించి. నాలుగడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు ఉన్న ఒక మూల ఉంటే చాలు. ఆ మూలను ఎలా ఏర్పరచాలి, వస్తువులను ఎలా సర్దాలి, అన్నిటికంటె ముఖ్యంగా ఏవి ఆ మూల దరిదాపులకు రాకూడదు అనే సంగతులు చెప్పుకొందాము.

సంఘ కుటుంబాలను దర్శించేటప్పుడు మేము గమనించినది ఒకటున్నది. పిల్లలున్న ఇంట్లో ఆటవస్తువులు లేకపోవడం అరుదు. తిరునాళ్లలో కొన్న ప్లాస్టిక్ బండి, మేనమామ తెచ్చిన బొమ్మ, పాత సైకిలు టైరు, కొబ్బరి చిప్పలు, అగ్గిపెట్టెలు, సీసా మూతలు, ఏదో ఒకటి ఉంటుంది. లేనిదల్లా వాటికొక చోటు. కొన్ని మంచం క్రింద, కొన్ని గోనెసంచిలో, కొన్ని గొడ్లపాకలో. బండి ఒకచోట, దాని చక్రం ఒకచోట. పిల్లవాడు అడిగితే తల్లి వెదకాలి; పొలంనుండి వచ్చిన తల్లికి ఆ ఓపిక ఉండదు. చివరకు ఏడుపు మాన్పడానికి సెల్‌ఫోను చేతిలో పెడతారు. ఏడాది నిండని బిడ్డకు సెల్‌ఫోను, టీవీ అసలే వద్దనీ, రెండు మొదలు నాలుగేళ్ల పిల్లలకు రోజుకు గంట మించరాదనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది. ఫోను వద్దని చెప్పడం సులభమే. దానికి బదులు ఏమి ఇవ్వాలో చేతికి దొరికేలా ఉండాలి గదా!

క్రింద పిల్లలవి, పైన పెద్దలవి

ఈ విషయంలో జ్ఞాపకముంచుకోవలసిన సూత్రం ఒక్కటే. పిల్లలు ముట్టదగినవి క్రింద, వారి చేతికి అందేలా ఉండాలి. ముట్టకూడనివి పైన, తాళం వేసి ఉండాలి. మన ఇళ్లలో చాలావరకు ఇది తలక్రిందులుగా ఉంటుంది. పాడైపోతాయని మంచి బొమ్మలను అటక మీద దాస్తాము. పురుగుమందు డబ్బా, యాసిడ్ సీసా, కొడవలి మాత్రం గోడవారగా నేలమీదనే ఉంటాయి.

ఇటలీ దేశపు వైద్యురాలు మరియా మాంటిస్సోరీ 1907 జనవరి 6న రోము నగరంలోని శాన్ లొరెంజో అనే పేదల పేటలో చిన్నపిల్లల కోసం ఒక బడి ప్రారంభించారు. తల్లిదండ్రులు పగలంతా పనికి పోతే ఇంటి దగ్గర మిగిలిపోయే పిల్లలు వారు. మొదట్లో వస్తువులన్నీ బీరువాలో పెట్టి తాళం వేసేవారు. టీచరే తీసి ఇచ్చేది. ఒకరోజు తాళం వేయడం మరచిపోయారు. టీచరు వచ్చేసరికి పిల్లలు తమకు కావలసినవి తామే తీసుకొని, కుదురుగా పనిలో మునిగి ఉన్నారు. ఏ వస్తువు ఎక్కడ ఉండేదో వారికి బాగా తెలుసు. అప్పటినుండి ఆమె పిల్లల ఎత్తుకు సరిపోయే పొట్టి బీరువాలు పెట్టించారు. ఆమె 1939లో మద్రాసుకు వచ్చి అడయారులో మన దేశపు ఉపాధ్యాయులకు కూడా ఈ పద్ధతిలో శిక్షణ ఇచ్చారు. ఈనాటికీ మంచి శిశువిహారాల్లో పొట్టి అరలు కనబడడానికి మూలం ఇదే. తీసుకొనే వీలు ఇచ్చినప్పుడే బిడ్డకు తిరిగి పెట్టే బాధ్యత కూడా అలవడుతుంది.

ఏ మూల మంచిది?

తల్లి వంట చేసుకొంటూ తల త్రిప్పి చూస్తే కనబడే మూల మంచిది. పొయ్యికి, గ్యాసు సిలిండరుకు, నీళ్ల తొట్టికి, ఎత్తయిన మెట్టుకు దూరంగా ఉండాలి. స్విచ్చిబోర్డు, వ్రేలాడే వైరు ఉన్న చోటు పనికిరాదు. ఉదయంపూట వెలుతురు పడే వసారా మూల అయితే ఇంకా మంచిది. అక్కడ ఒక చాప పరచండి. చాప పరచినంత మేర పిల్లలది. అక్కడ వేరుసెనగ మూట, ఎరువు బస్తా, తడిసిన గొడుగు పెట్టవద్దు. పెద్దలు ఆ హద్దును గౌరవిస్తే పిల్లలు కూడా మిగిలిన ఇంటిని గౌరవించడం నేర్చుకొంటారు.

అరలు, బుట్టలు, జేబుల తెర

బీరువా కొనవలసిన పని లేదు. పండ్ల దుకాణంలో దొరికే కర్రపెట్టెలు మూడు తెచ్చుకోండి. పైకి పొడుచుకొని వచ్చిన మేకులు పీకివేయండి. ముళ్లు లేచిన అంచులను గరుకు కాగితంతో నున్నగా రుద్దండి. పెట్టెలను పక్కకు త్రిప్పి, నోరు మనవైపు ఉండేలా వరుసగా పెడితే అవే మూడు అరలు. మొత్తం ఎత్తు రెండడుగులు దాటకూడదు. పిల్లలు అరలను పట్టుకొని ఎక్కుతారు గనుక వాటిని ఇనుప పట్టీతో గోడకు బిగించడం తప్పనిసరి. ఊగే అర బిడ్డ మీద పడితే ప్రాణానికే ముప్పు.

అరలను నేలమీద పెట్టక, మట్టితోగాని ఇటుకలతోగాని అరడుగు ఎత్తున చిన్న తిన్నె కట్టి దానిమీద పెట్టండి. చెమ్మ తగలదు, చెద పట్టినా వెంటనే కంటికి కనబడుతుంది. గుడ్డలూ గోనెలూ కుప్పగా పడి ఉన్న మూలలో ఎలుకలు చేరతాయి. ఎలుకల వెంట పాము వస్తుంది. కట్లపాము రాత్రిపూట ఇండ్లలోకి వస్తుందని పల్లెవాసులకు వేరుగా చెప్పనక్కరలేదు. వస్తువులకు చోటు ఏర్పరచి, రోజూ ఆ మూల ఊడ్చుకోవడం శుభ్రతకు మాత్రమే గాక క్షేమానికి కూడా అవసరం.

చిన్న వస్తువులకు బుట్టలు వాడండి. మేదరివారు అల్లే వెదురు బుట్టలు, ఈతాకు బుట్టలు, తాటాకు బుట్టలు తేలికగా ఉంటాయి, చూపులకు అందంగా ఉంటాయి, పిల్లవాడు రెండు చేతులతో ఎత్తుకోగలడు. బుట్ట లోతు జానెడుకు మించితే అడుగునున్నది కనబడదు; కనబడని దానికోసం పిల్లలు బుట్టంతా కుమ్మరిస్తారు. పాత బుట్టలో విరిగిన ఈనెలు గుచ్చుకోకుండా అంచుకు గుడ్డ కుట్టండి.

పలక, బలపాలు, రంగు పెన్సిళ్లు, బొమ్మల పుస్తకాలకు జేబుల తెర కుట్టుకోవచ్చు. పాత దుప్పటి ముక్కను రెండు మడతలు వేసి, దానిమీద పాత ప్యాంటు గుడ్డతో జానెడేసి జేబులు కుట్టండి. నాలుగు మూలలా మేకులకు గట్టిగా బిగించండి. వ్రేలాడే తాళ్లు, తీగలు మాత్రం వదలవద్దు; చిన్నపిల్లల మెడకు చుట్టుకొనే ప్రమాదం ఉంటుంది.

ట్రంకు పెట్టెలో బొమ్మలు వేసే అలవాటు కొన్ని ఇండ్లలో ఉంది. మూత వ్రేళ్లమీద పడి నలిగిన పిల్లలు ఎందరో. దాగుడుమూతలు ఆడుతూ లోపల దాక్కొంటే, మూత పడి ఊపిరాడక ప్రాణం పోవచ్చు. ట్రంకు పెట్టె వాడక తప్పకపోతే దాని మూత పూర్తిగా తీసివేయండి. ధాన్యపు గాదెలకు, డ్రమ్ములకు కూడా ఇదే జాగ్రత్త అవసరం.

ఇక అందం సంగతి. తిన్నెకు జాజు పూసి తెల్లని అంచు దిద్దితే ఆ మూలకు కళ వస్తుంది. అరలకు రంగు వేయదలచుకొంటే డబ్బా మీద ఏమి వ్రాసి ఉన్నదో చూడండి. ఇళ్లకు వేసే రంగుల్లో సీసం పది లక్షల పాళ్లలో 90 పాళ్లకు మించరాదని మన దేశంలో 2017 నవంబరు 1 నుండి నియమం అమలులో ఉంది. సీసం పిల్లల మెదడు ఎదుగుదలకు హాని చేస్తుంది. గనుక ఎప్పటిదో తెలియని పాత డబ్బాలోని రంగు వాడవద్దు.

ప్రతి బుట్ట మీద ఒక అట్టముక్క కట్టి, దానిమీద బొమ్మ గీసి, క్రింద పేరు వ్రాయండి. బంతి బొమ్మ క్రింద ‘బంతి’, బండి బొమ్మ క్రింద ‘బండి’. అక్షరాలు రాని మూడేళ్ల బిడ్డ బొమ్మ చూసి సర్దుతుంది. ఐదేళ్లు వచ్చేసరికి ఆ అక్షరాలే గుర్తు పడుతుంది. ఇది ఖర్చు లేని చదువు.

అన్నీ ఒక్కసారే వద్దు

ఉన్న బొమ్మలన్నీ ముందు పోస్తే బిడ్డ ఎక్కువ ఆడుకొంటుందనుకోవడం పొరపాటు. అమెరికాలోని టోలెడో విశ్వవిద్యాలయం వారు 36 మంది చిన్నపిల్లలను పరిశీలించి, ఆ ఫలితాలను 2018లో ప్రకటించారు. ఒకసారి 4 బొమ్మలు, మరొకసారి 16 బొమ్మలు ఇచ్చి చూశారు. 4 బొమ్మలు ఉన్నప్పుడే పిల్లలు ఒక్కొక్క దానితో ఎక్కువసేపు, ఎక్కువ రకాలుగా ఆడారు. కాబట్టి ఐదారు వస్తువులు అరల్లో ఉంచి, మిగతావి మూటగట్టి పైన పెట్టండి. రెండు వారాలకొకసారి మార్చండి. మూటలోనుండి వచ్చిన పాత బొమ్మ బిడ్డకు కొత్త బొమ్మతో సమానం. కొనే ఖర్చు కూడా తగ్గుతుంది.

కొనవలసి వస్తే ఐ.ఎస్.ఐ. గుర్తు చూసి కొనండి. 2021 జనవరి 1 నుండి మన దేశంలో ఆటబొమ్మలకు ఈ గుర్తు తప్పనిసరి. చేతిపనివారి సంప్రదాయ బొమ్మల సంగతి వేరు. అనకాపల్లి జిల్లాలోని ఏటికొప్పాకలో అంకుడు కర్రను తరిమెన పట్టి, లక్కతో రంగు అద్ది బొమ్మలు చేస్తారు. నున్నగా, గుండ్రంగా ఉంటాయి. సహజ రంగులతో చేసినవేనా అని అడిగి తీసుకోండి. కొండపల్లి బొమ్మలు తెల్లపొణికి కర్రతో ముక్కలు ముక్కలుగా చేసి అతికినవి, సుకుమారమైనవి. పసిపిల్లల లాగులాటకు అవి తట్టుకోవు. వాటిని గూట్లో పెట్టి చూపించి కథ చెప్పడం మంచిది.

చిన్న వస్తువులు, పెద్ద ప్రమాదం

ఇంట్లో ఎనిమిదేళ్ల అన్న, ఏడాదిన్నర చెల్లి ఉన్నారనుకోండి. అన్నకు గోలీలు, గవ్వలు, అచ్చంగిల్లాల రాళ్లు, వామనగుంటలకు చింతపిక్కలు కావాలి. అవి మంచి ఆటలే, లెక్క నేర్పుతాయి. కాని చెల్లి వాటిని నోట్లో పెట్టుకొంటుంది. సుమారు మూడు సెంటీమీటర్ల వెడల్పు లోపు వస్తువు ఏదైనా మూడేళ్లలోపు బిడ్డ గొంతుకు అడ్డుపడవచ్చు. పెద్దపిల్లల చిన్న వస్తువులను మరమూత గల డబ్బాలో పోసి, పెద్దవాడికి అందే ఎత్తులో, చిన్నదానికి అందని ఎత్తులో పెట్టండి. ఆ డబ్బాకు అన్ననే కావలివానిగా నియమించండి. బాధ్యత ఇస్తే పిల్లలు నిలబెట్టుకొంటారు.

వెలిగే బొమ్మల్లో, రిమోట్లలో ఉండే గుండ్రని బిళ్ల బ్యాటరీ మరీ ప్రమాదం. మ్రింగితే రెండు గంటల్లోనే అన్నవాహికను కాల్చివేయగలదు. బ్యాటరీ మూతకు స్క్రూ లేని బొమ్మ ఇంటికి తేవద్దు. బిడ్డ మ్రింగినట్టు అనుమానం వచ్చినా దొడ్డికి వస్తుందిలే అని ఎదురుచూడక వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి.

ఆ డబ్బా మాత్రం వద్దు

ఈ మాట కొంచెం గట్టిగానే చెప్పవలసి యున్నది. పురుగుమందు అయిపోయాక ఆ డబ్బా గట్టిగా, రంగురంగులుగా ఉంటుంది, పారవేయడానికి మనసొప్పదు. కడిగి పిల్లల వస్తువులు వేస్తారు, లేదా పిల్లలే నీళ్లు పోసుకొని ఆడుకొంటారు. ఎన్నిసార్లు కడిగినా ఆ ప్లాస్టిక్‌లో మందు మిగిలే ఉంటుంది.

2013 జూలై 16న బీహారు రాష్ట్రం సారణ్ జిల్లాలోని ఒక పల్లె బడిలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు మరణించారు. ఆ వంటనూనెలో మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు ఉన్నట్టు పరీక్షలో తేలింది. పురుగుమందు ఉంచిన డబ్బాలో నూనె పోయడంవలన ఇలా జరిగి ఉంటుందని అప్పుడు అధికారులు అన్నారు. ఏ వస్తువు ఏ డబ్బాలో ఉండాలి అన్నది ఎంత పెద్ద ప్రశ్నో ఆ ఊరి తల్లులను అడిగితే తెలుస్తుంది.

గనుక మందు అయిపోగానే పొలంలోనే డబ్బాను మూడుసార్లు కడిగి, ఆ నీళ్లు స్ప్రేయరులోనే పోసి చల్లివేయండి. డబ్బాకు చిల్లులు పొడిచి, మళ్లీ ఎవరూ వాడకుండా చేసి, ఇండ్లకూ నీటి వనరులకూ దూరంగా పూడ్చివేయండి. మిగిలిన మందును కూల్‌డ్రింకు సీసాలో పోయడం ఎంతమాత్రం తగదు. బిడ్డకు అది తీపి పానీయంలాగే కనబడుతుంది. మందు దాని సొంత సీసాలోనే, ఎత్తున, తాళం వేసిన పెట్టెలో ఉండాలి. సీసా మీద ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ గుర్తుల్లో ఒకటి ఉంటుంది. ఎరుపు అన్నిటికంటె తీవ్రమైన విషం. ఆకుపచ్చ గుర్తు ఉన్నంత మాత్రాన పిల్లలకు భద్రమని అర్థం కాదు.

ఒకవేళ బిడ్డ మందు త్రాగితే వాంతి చేయించవద్దు, ఉప్పునీళ్లు పోయవద్దు. ఒంటిమీద పడితే బట్టలు విప్పి సబ్బుతో కడగండి. 108కి ఫోను చేయండి. మందు సీసాను, దాని చీటీతో సహా ఆసుపత్రికి తీసుకొని వెళ్లండి. బిడ్డ బాగానే ఉన్నట్టు కనబడినా ఆలస్యం చేయవద్దు.

సర్దడం ఎవరి పని?

చోటు ఏర్పడింది, బుట్టలు వచ్చాయి. ఇక రోజూ సర్దేది ఎవరు? చాలా ఇండ్లలో తమ్ముడు ఆడి లేచిపోతాడు, అక్క సర్దుతుంది. అక్క లేకపోతే అమ్మ సర్దుతుంది. ఆడినవాడికి సర్దే పని లేదు, సర్దినవారికి ఆడే తీరిక లేదు. ఇది చిన్న సంగతిగా కనబడుతుంది గాని, పాతికేళ్ల తర్వాత ఆ తమ్ముడు తన భార్యతో ఎలా కాపురం చేస్తాడో ఇక్కడే నిర్ణయమవుతుంది. ఆడినవారే సర్దాలి, అబ్బాయైనా అమ్మాయైనా. ఇంటి యజమాని కూడా కండువా దండెం మీద వేసి, చెప్పులు వరుసలో విడిస్తే, చెప్పకుండానే పాఠం చెప్పినట్టు.

సాయంత్రం స్నానాలకు ముందు పది నిమిషాలు ఇందుకు నియమించండి. “అన్నీ సర్దు” అంటే బిడ్డకు అర్థం కాదు. “బంతులు బుట్టలో వెయ్యి నాన్నా, బండ్లు నేను పెడతాను” అని పని పంచుకోండి. మూడేళ్లవాడు వంకరగా పెట్టినా, వాడు చూస్తుండగా మీరు మళ్లీ సర్దవద్దు. వాడు చేసినది చాలదని వాడికి తెలిసిపోతుంది, రేపు చేయడు. విరిగినవి ఒక పక్కన పెట్టించి, ఆదివారం తీరికగా కూర్చొని వాడితో కలిసి అతకండి. అతకడానికి వీల్లేనిది వాడి చేతనే పారవేయించండి. పెరిగి పెద్దయి వాడనివి ఉంటే పక్కింటి బిడ్డకో, ఊరి అంగన్‌వాడీకో, సండే స్కూలు పెట్టెకో తనచేతనే ఇప్పించండి.

ఈ వారమే మొదలుపెట్టదలచినవారు ముందుగా అరలు చేయనవసరం లేదు. బిడ్డ ఎత్తున నేలమీద కూర్చొని ఇల్లంతా ఒకసారి చూడండి. కూర్చున్నచోటినుండి మీ చేతికి అందుతున్నవి ఏవి? సీసా, కత్తి, మాత్రలు, వైరు, డబ్బా, ఏవి కనబడితే వాటిని ఆ పూటే పైకి ఎత్తి తాళం వేయండి. తర్వాత అటక మీది బొమ్మలను క్రిందికి దించండి. అరలు, బుట్టలు వచ్చే వారం.